తెల్ల మచ్చల మీదే చర్మం ఊడుతోంది, ఎందుకు?

ప్రశ్న: మా హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరజాతి ఆవు నాలుగు రోజులుగా మేత ముట్టడం లేదు. తెల్ల మచ్చల మీద బొబ్బలు లేచి, నీరు కారి, చర్మం అట్టలుగా ఊడుతోంది. నల్ల మచ్చలకు ఏమీ కాలేదు. కళ్లు పచ్చబడ్డాయి, పేడ గట్టిగా వస్తోంది. అంతకుముందు లంకమల అడవి అంచున మేపాం. ముద్దచర్మ వ్యాధి అంటున్నారు, నిజమేనా?
– పాడి రైతు, సిద్ధవటం మండలం, కడప జిల్లా

జవాబు: కాదు. ముద్దచర్మ వ్యాధి గడ్డలు తెలుపు, నలుపు చూసి రావు. గాలికుంటు బొబ్బలైతే నోట్లో, గిట్టల మధ్య లేస్తాయి. మీరు రాసినవన్నీ లాంటానా (తలంబ్రాల చెట్టు) తిన్న పశువు లక్షణాలు. మేత కరువైనప్పుడు పశువులు దీన్ని కొరుకుతాయి.

ఆ ఆకులోని లాంటాడిన్లు అనే విషపదార్థాలు కాలేయాన్ని దెబ్బతీసి పిత్తం పారకుండా చేస్తాయి. పచ్చమేతలోని పత్రహరితం పొట్టలో అరిగినప్పుడు ఫిల్లోఎరిత్రిన్ అనే పదార్థం తయారవుతుంది. మామూలుగా అది పిత్తంతో కలిసి పేడలో పోవాలి. ఆ దారి మూసుకుంటే రక్తంలో మిగిలి చర్మానికి చేరుతుంది. ఎండ తగిలిందంటే అక్కడ చురుకైన ఆక్సిజన్ పుట్టి చర్మకణాల పైపొరను ఛిద్రం చేస్తుంది. కణాలు చచ్చిపోతాయి, సన్న రక్తనాళాల నుంచి నీరు ఊరి బొబ్బ లేస్తుంది. నల్ల చర్మంలోని మెలనిన్ అనే రంగు పదార్థం ఎండను అడ్డుకుంటుంది. అందుకే పుండు సరిగ్గా మచ్చ అంచు దగ్గర గీత గీసినట్లు ఆగిపోతుంది.

ముందు ఆవును చీకటి కొట్టంలోకి మార్చండి. ఆకుల సందుల్లోంచి ఎండ పడే చెట్టునీడ చాలదు. పచ్చమేత పూర్తిగా ఆపి జొన్న చొప్ప, వరిగడ్డి వేయండి.

అసలు ప్రమాదం పొట్టలో ఉంది. ఈ విషానికి పొట్ట కదలిక మందగిస్తుంది, తిన్న ఆకు అక్కడే నిలిచి రోజుల తరబడి విషం ఊరుతూనే ఉంటుంది. దాన్ని పట్టి ఉంచేది యాక్టివేటెడ్ చార్‌కోల్ పొడి. కిలో బరువుకు 5 గ్రాముల చొప్పున, 350 కిలోల ఆవుకు 1.75 కిలోలు, 20 లీటర్ల ఎలక్ట్రోలైట్ (లవణాలు కలిపిన) నీటిలో కలిపి పశువైద్యుడి చేత గొట్టంతో పొట్టలోకి పంపించాలి. మరుసటి రోజుకూ తేరుకోకపోతే మళ్లీ ఇవ్వాలి. పొయ్యి బొగ్గు దీనికి పనికిరాదు. మీరే నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి దిగి ఆవు దక్కదు. సెలైన్, కాలేయానికి మందులు డాక్టరు చూసి ఇస్తారు.

పుండ్లను లీటరు నీటికి 1 గ్రాము పొటాషియం పర్మాంగనేట్ కలిపి కడగండి. ఈగలు వాలకుండా అంచుల చుట్టూ వేపనూనె రాయండి. వేలాడే చర్మాన్ని పీకకండి, వాడిన ఇంజనాయిలు పూయకండి. చనుకట్లు తెల్లవైతే అవీ పగులుతాయి, పితికేముందు చూసుకోండి. అదే చోట మేసిన మిగతా పశువుల కళ్లు, పేడ ఈరోజే గమనించండి. కళ్లు పచ్చబడినా, పేడ గట్టిపడినా బొబ్బలు లేచేదాకా ఆగకుండా డాక్టరును పిలవండి.