స్విఫ్ట్‌కి షాకబ్జర్లు: మారుతీ కంపెనీవి వేయించాలా, బయటివా?

90 వేల కిలోమీటర్లు తిరిగిన డీజిల్ స్విఫ్ట్, ముందు షాకబ్జర్లు రెండూ లీకు. షోరూమ్ వాళ్లు నాలుగూ మార్చాలంటున్నారు, బయట షాపులో దాదాపు సగం ధరకే ఇస్తామంటున్నారు, ఏం చేయాలి అని కదా మీరు అడిగింది. నాదీ అదే బండి, 2013 మోడల్. విజయవాడలో ఉంటాం కానీ నెలకు రెండుసార్లు మైలవరం దాటి మా ఊరెళ్లాలి. ఆ చివరి పది కిలోమీటర్ల గుంతల పుణ్యమా అని రెండు రకాలూ వేయించి చూశాను.

మొదటిసారి బయటివే వేయించా. పేరున్న కంపెనీవే, ఆటోనగర్‌లో బిల్లుతో కొన్నవి. నాలుగు నెలలు తిరక్కుండానే ఎడమవైపుది నూనె కారడం మొదలెట్టింది. చౌకగా వస్తుందని వెళ్తే ఇంతే అని నన్ను నేనే తిట్టుకుంటూ వేరే షెడ్డుకి తీసుకెళ్లా. అక్కడి పెద్ద మేస్త్రీ దాన్ని విప్పి, రాడ్డు మీది రబ్బరు తొడుగు (బూటు) పైకి లాగి, రాడ్డును గుడ్డతో తుడిచి "గోరు పెట్టి చూడండి సార్" అన్నాడు. పెడితే గోరు పట్టుకుంది. అద్దంలా ఉండాల్సిన రాడ్డు మీద ప్లయర్ పళ్ల గాట్లు! పై నట్టు బిగించేటప్పుడు రాడ్డు కూడా తిరుగుతుంటే, మొదటి షెడ్డులో కుర్రాడు దాన్ని ప్లయర్‌తో పట్టి బిగించేశాడన్నమాట. ఆ గాటు ప్రతి గుంతకీ, నూనెను లోపలే ఆపే సీలు లోంచి వెళ్లొస్తుంటే సీలు ఎన్నాళ్లు బతుకుతుంది? వారంటీ అడిగితే షాపువాడు ఆ గాట్లు చూపించి కుదరదన్నాడు. వాడి తప్పేం లేదు.

ఇక 'ఒరిజినల్', అంటే మారుతీ డబ్బాలో వచ్చేవాటి సంగతి. మారుతీ షాకబ్జర్లు తనే తయారు చేసుకోదు, గాబ్రియేల్ లాంటి కంపెనీల దగ్గర తీసుకుంటుంది. ఆ కంపెనీలే సొంత డబ్బాలో మార్కెట్‌లోనూ అమ్ముతాయి. అందుకే షాపుల్లో "అదే సరుకు సార్, డబ్బా ఒక్కటే తేడా" అంటారు. అది సగమే నిజం. తయారీదారు ఒకరైనా లోపలి వాల్వు సెట్టింగ్ (షాకబ్జర్ ఎంత గట్టిగా ఉండాలో తేల్చేది) కూడా ఒకటే అయి ఉండాలని రూలేం లేదు. నేను వేయించిన బయటివి కొంచెం గట్టిగా ఉండేవి. హైవే మీద బాగానే ఉండేది కానీ చిన్న చిన్న రాళ్ల మీద కూడా బండి అదిరేది. వెనక సీట్లో కూర్చున్న మా అమ్మ "ఇదేంట్రా, ఆటోలో కూర్చున్నట్టుంది" అంది.

పేరూ ఊరూ లేని డబ్బాలోవి ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. పాతవాటికి రంధ్రం వేసి నూనె నింపి, వెల్డింగ్ చేసి, నల్లరంగు కొట్టి అమ్మేవి కూడా ఉంటాయి. రంగు కింద వెల్డింగ్ ఉబ్బు ఉందేమో వేలితో తడిమి చూడండి. గ్యాస్ నింపిన షాకబ్జర్ అని అమ్మితే కౌంటర్ మీదే నిలబెట్టి రాడ్డును కిందికి నొక్కి వదలండి, దానంతటదే మెల్లగా పైకి రావాలి. రాలేదంటే తిరిగిచ్చేయండి.

రెండోసారి ముందువి మారుతీవి, వెనకవి బయటివి వేయించా. మీకూ అదే చెప్తాను. ఈ బండిలో ముందు షాకబ్జర్ ఉత్త షాకబ్జర్ కాదు. స్ప్రింగును మోసేది అదే, స్టీరింగ్ తిప్పితే చక్రంతోపాటు తిరిగేదీ అదే. దాని కొలతలో కొంచెం తేడా వచ్చినా చక్రాల అలైన్‌మెంట్ మీద పడుతుంది, టైరు ఒకవైపు అరుగుతుంది. వెనకవైపు స్ప్రింగ్ వేరు, షాకబ్జర్ వేరు. పని తేలిక, రిస్కూ తక్కువ. అక్కడ బయటిదైనా పేరున్న కంపెనీది చాలు.

కానీ ముందు, అసలు నాలుగూ పోయాయా అని చూసుకోండి. వెనక మూల మీద బరువంతా వేసి నొక్కి వదలండి. పైకొచ్చి కుదురుకుంటే సరే, ఉయ్యాల్లా రెండు మూడుసార్లు ఊగితే మార్చాల్సిందే. షాకబ్జర్ ఒంటి మీద పల్చగా నూనె చెమ్మ ఉంటే కంగారు పడొద్దు, చుక్కలు కారితేనే లీకు. ముందువైపు టకటక శబ్దం ఉంటే లింక్ రాడ్లు (షాకబ్జర్ పక్కనుండే సన్నటి రాడ్లు), బుష్‌లు (రబ్బరు కీళ్లు) కూడా చూపించండి. నా స్నేహితుడొకడు ఆ శబ్దానికి షాకబ్జర్లు మార్పించాడు, తీరా చూస్తే లింక్ రాడ్డు. మార్చేది మాత్రం ఎప్పుడూ జతగానే. ఒకవైపు కొత్తది, ఇంకోవైపు పాతది అంటే బండి కుదురుగా ఉండదు.

కొనేటప్పుడు ఛాసిస్ నంబరు ఇచ్చి పార్ట్ నంబరు సరిచూసుకోండి. డీజిల్ ఇంజన్ బరువెక్కువ, పెట్రోల్ బండివి అంటగడితే ఆ బరువుకి సరిపోకపోవచ్చు. పై మౌంటింగ్ (షాకబ్జర్‌ను బాడీకి బిగించే భాగం), దాని బేరింగ్, బంప్ స్టాప్ (పెద్ద గుంతలో దెబ్బ తగలకుండా ఆపే రబ్బరు ముక్క), బూటు కూడా కొత్తవే వేయించండి. పాత మౌంటింగే పెట్టేస్తే కొత్త షాకబ్జర్‌కీ అదే పాత చప్పుడు. పనయ్యాక అలైన్‌మెంట్ తప్పనిసరి.

ఇంకొక్కటి. పై నట్టు బిగించేటప్పుడు మాత్రం టీ తాగడానికి వెళ్లకండి. పక్కనే నిలబడి ప్లయర్ ఎక్కడుందో చూస్తూ ఉండండి.