సుదీర్ఘ క్రూయిజ్‌లో ఆఖరి రోజులు కుటుంబంతో ఎలా గడుస్తాయి?

రెండు వారాలు దాటిన క్రూయిజ్‌కు చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో కలిసి వెళ్తే చివరి రోజులు విసుగు పుట్టిస్తాయా, అంతకన్నా చిన్న ప్రయాణం ఎంచుకోవడం మేలా, దిగేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అని మీరు అడిగారు. మేము ఆరుగురం, అంటే మా అమ్మానాన్నలు, మేమిద్దరం, 11 ఏళ్ల అమ్మాయి, 6 ఏళ్ల అబ్బాయి, ఒక నవంబరులో బార్సిలోనాలో ఓడ ఎక్కి, మధ్యధరా సముద్రంలో కొన్ని రేవులు చూసుకుని, మదీరా దీవిలోని ఫుంచాల్ మీదుగా అట్లాంటిక్ దాటి ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌లో దిగాం. మొత్తం 16 రాత్రులు. నా అభిప్రాయం ముందే చెబుతాను: చివరి రోజులకు భయపడి ప్రయాణాన్ని కుదించుకోకండి. మా ఇంట్లో ఇప్పటికీ ఆ ప్రయాణం గురించి మాట్లాడుకుంటే చూసిన ఊళ్లకన్నా ఆ ఆఖరి వారమే ముందు గుర్తుకొస్తుంది. కాకపోతే దిగడానికి సంబంధించిన పనులన్నీ ఆఖరి రాత్రికి వదిలేస్తే ఆ రోజుల్లో సగం వాటికే పోతాయి.

రేవులున్న రోజుల్లో మేము నిజానికి కలిసి ఉన్నది తక్కువ. తెల్లవారుజామున లేవడం, పిల్లలను తయారు చేయడం, అమ్మ మోకాళ్ల నొప్పి చూసుకుంటూ నడవడం, ఓడ కదిలే వేళకు పరుగున తిరిగి రావడం, రాత్రి తిన్నామో లేదో అన్నట్టు తిని నిద్రపోవడం. ఫుంచాల్ దాటాక అదంతా ఒక్కసారిగా ఆగిపోయింది. అక్కడి నుంచి ఫ్లోరిడా సుమారు 3,300 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 6,100 కిలోమీటర్లు. 18 నాట్ల వేగంతో, అంటే గంటకు 18 నాటికల్ మైళ్లు వెళ్లే ఓడకు ఏడు పూర్తి రోజులు నీళ్లు తప్ప మరేమీ కనిపించవు. మొదటి రోజు పిల్లలు ‘ఇప్పుడేం చేద్దాం’ అని పదేపదే అడిగారు. నాకూ ఏమీ తోచలేదు. రెండో రోజు సాయంత్రానికి ఆ ప్రశ్న మానేశారు.

ఆ మార్పుకు ముఖ్య కారణం గడియారం అని నేను నమ్ముతున్నాను. నవంబరులో ఫుంచాల్‌కు, ఫ్లోరిడాకు మధ్య ఐదు గంటల తేడా ఉంటుంది. ఆ తేడాను ఓడలో ఒకేసారి సరిచేయరు; ఎనిమిది రాత్రుల్లో ఐదు రాత్రులు, రాత్రికి ఒక గంట చొప్పున గడియారాన్ని వెనక్కి తిప్పమని ముందురోజు సాయంత్రమే క్యాబిన్‌లో కాగితం పెడతారు. అంటే ఐదు రోజుల పాటు మనకు రోజుకు 25 గంటలు దొరుకుతాయి. అసలే పెందలాడే లేచే మా నాన్నగారికి నాలుగింటికే మెలకువ వచ్చేది, అలవాటు తప్పిన మా అమ్మాయీ లేచి కూర్చునేది. ఇద్దరూ శాలువా కప్పుకుని ఓడ చుట్టూ నడిచే డెక్ మీదికి వెళ్లేవారు. నాన్నగారు ఉద్యోగ విరమణ చేసిన లెక్కల మాష్టారు. క్యాబిన్ టీవీలో ఓడ ఉన్న అక్షాంశ రేఖాంశాలు, వేగం చూపే చానెల్ ఒకటి ఉంటుంది. రోజూ మధ్యాహ్నం 12 గంటలకు ఆ అంకెలను ఇద్దరూ ఒక నోటు పుస్తకంలో రాసుకుని, 15 డిగ్రీల రేఖాంశానికి ఒక గంట ఎలా అవుతుందో, నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు ఎందుకైందో లెక్కలు కట్టేవారు. బడిలో లెక్కలంటే ముఖం ముడుచుకునే పిల్ల మరుసటి రోజు ఓడ ఎక్కడ ఉంటుందో ముందుగా గుర్తు పెట్టి, మధ్యాహ్నం దాకా ఆత్రంగా ఎదురుచూసేది.

నాలుగో రోజో ఐదో రోజో తెల్లవారాక నన్ను కూడా లేపి డెక్ మీదికి తీసుకెళ్లారు. నీలం నీటి మీద పసుపు, గోధుమ రంగులు కలిసిన సన్నటి చారలు గాలివాటున గీత గీసినట్టు బారులు తీరి ఉన్నాయి. అది సర్గాసమ్ అనే సముద్రపు నాచు. వేళ్లూనకుండా నీటి మీదే బతుకుతుంది, మిరియాల గింజల్లాంటి గాలి బుడగలు దాన్ని తేల్చి ఉంచుతాయి. ఓడ అంచు తగిలిన చోట చార తెగి, నురగలో కాసేపు గిరగిరా తిరిగి, వెనక మళ్లీ కలుసుకునేది. దాని కింద నుంచి ఎగిరే చేపలు ఒక్కసారిగా లేచి, చాలా దూరం గాలిలో జారి, మళ్లీ నీటిలో పడేవి. మా వాడు ఒక గంటసేపు కమ్మీ వదల్లేదు.

మీకు దిశను ఎంచుకునే వీలుంటే, పిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న కుటుంబం తూర్పు నుంచి పడమరకు వెళ్లడమే మంచిది. ఎదురు దిశలో రోజుకో గంట పోతుంది కాబట్టి చివరికి వచ్చేసరికి అందరూ నిద్ర చాలక చిరాకు పడతారు. క్యాబిన్ ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో ఉంటే ఊపు తక్కువగా తెలుస్తుంది. మరొక మాట: ప్రయాణం సాగేకొద్దీ కడుపు జబ్బులు ఒకరి నుంచి ఒకరికి పాకే అవకాశం ఉంటుంది, ఓడల్లో తరచు కనిపించే నోరోవైరస్‌కు చేతులకు రాసుకునే శానిటైజర్ సరిగా పనిచేయదు. పిల్లల చేత సబ్బుతోనే చేతులు కడిగించండి.

ఇక పనుల సంగతి. ఓడలో చేసిన ఖర్చంతా ఒక ఖాతాలో చేరుతూ ఉంటుంది. సిబ్బందికి ఇచ్చే టిప్పు కూడా చాలా ఓడల్లో తలకు, రోజుకు ఇంత అని అందులోనే పడుతుంది. దిగడానికి మూడు రోజుల ముందే ఆ ఖాతా తీసి చూడండి. మా ఖాతాలో ఒక పానీయం బిల్లు రెండుసార్లు పడింది, అప్పుడు కౌంటరు దగ్గర ఎవరూ లేరు కాబట్టి ఐదు నిమిషాల్లో సరిచేశారు. ఆఖరి ఉదయం అదే కౌంటరు ముందు వరుస మెట్ల దాకా ఉంది. పెద్దవాళ్లకు దిగేటప్పుడు చక్రాల కుర్చీ కావాలన్నా ముందే పేరు ఇవ్వాలి.

ఆఖరి రాత్రి పెద్ద సూట్‌కేసులకు రంగు ట్యాగులు కట్టి, చెప్పిన వేళలోపు తలుపు బయట పెట్టాలి. సిబ్బంది వాటిని రాత్రికి రాత్రే కిందికి దించి, రేవులో టెర్మినల్‌కు చేరుస్తారు. ఇక్కడే నేను పెద్ద పొరపాటు చేశాను. త్వరగా ముగిద్దామన్న తొందరలో నాన్నగారి రక్తపోటు మాత్రల డబ్బాను ఆయన బట్టల మధ్యే ఉంచి సూట్‌కేసు బయట పెట్టేశాను. అర్ధరాత్రి గుర్తొచ్చి తలుపు తీస్తే నడవా అంతా ఖాళీ. వందల పెట్టెల మధ్య దాన్ని ఇప్పుడు వెతకడం సాధ్యం కాదని సిబ్బంది మర్యాదగానే చెప్పారు. ఉదయాన్నే ఓడలోని వైద్యుడి దగ్గరికి వెళ్లి, ఫోనులో దాచుకున్న మందుల చీటీ చూపిస్తే ఆ పూటకు మాత్ర దొరికింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మందులు, పాస్‌పోర్టులు, ఛార్జర్లు, మర్నాడు తొడుక్కునే బట్టలు, చెప్పులతో సహా, ఒక చేతిసంచిలో పెట్టి దాన్ని మంచం మీద ఉంచాకే సూట్‌కేసు మూయండి.

పిల్లలకు వీడ్కోలు చెప్పే సమయం కూడా ఆఖరి రాత్రికి ముందే కల్పించండి. రోజూ తువ్వాళ్లతో ఏనుగునో కోతినో చేసి పెట్టే మా క్యాబిన్ సహాయకుడికి మా వాడు ఒక బొమ్మ గీసి ఇచ్చాడు. ఏడు నెలలుగా ఓడలోనే ఉన్నానని, ఇంటి దగ్గర తనకూ ఆ ఈడు బాబు ఉన్నాడని చెప్పి ఆయన ఆ కాగితాన్ని మడవకుండా చొక్కాకు, కోటుకు మధ్య పెట్టుకున్నాడు. ఆఖరి రాత్రి ఆయనకు మాట్లాడే తీరిక ఉండదు, ఎందుకంటే మర్నాడు మధ్యాహ్నమే కొత్త ప్రయాణికులు ఎక్కుతారు.

అందుకే దిగే ఉదయం గదులు పెందలాడే ఖాళీ చేయిస్తారు. ఓడ తెల్లవారుజామునే రేవు చేరినా అధికారులు అనుమతించేదాకా ఎవరినీ దించరు, ఆ తర్వాత ట్యాగుల వరుసలో పిలుస్తారు, ఇమ్మిగ్రేషన్ ఆపైన. అమెరికా రేవుల్లో పండ్లు, మాంసం ఉంటే తప్పక చెప్పాలి కాబట్టి పిల్లల సంచుల్లో బఫేలో తీసుకున్న ఆపిల్ లాంటివి మిగిలాయేమో చూడండి. విమానం మధ్యాహ్నం దాటాకే తీసుకోండి, వీలైతే ఆ రాత్రి ఆ ఊళ్లోనే ఉండండి. మేము అలాగే ఉన్నాం, అది మంచిదైంది. ఎందుకంటే అన్ని రోజులు ఓడలో గడిపాక నేల మీద కూడా ఊగుతున్నట్టే ఉంటుంది. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. అమ్మకు స్నానాల గదిలో గోడ పట్టుకుంటే తప్ప నిలబడడం కష్టమైంది. పెద్దవాళ్లను ఆ మొదటి రోజు ఒంటరిగా మెట్లు దిగనివ్వకండి.