ఆ చుక్కల గ్రాఫు చూపించమని అడిగారా?

ప్రశ్న: మాది నెల్లూరు, బెంగళూరు కె.ఆర్. పురంలో స్థిరపడ్డాం. మా అమ్మాయి బీఎస్సీ సైకాలజీ అయ్యాక ఆటిజం ఉన్న పిల్లల థెరపీ సెంటర్లో చేరింది. చేతి మీద పంటిగాట్లతో ఇంటికొస్తోంది. రాత్రిళ్లు ల్యాప్‌టాప్‌లో చుక్కల గ్రాఫులు గీస్తుంది. ఎంబీఏ హెచ్‌ఆర్ చేయమంటే వినదు. ఏబీఏ (ప్రవర్తనను విశ్లేషించి మార్చే థెరపీ) ఆన్‌లైన్ కోర్సు చేస్తే అమెరికా సర్టిఫికెట్ వస్తుందని ఒక సంస్థ చెబుతోంది. అది మంచిదా, ఎమ్మెస్సీ క్లినికల్ సైకాలజీ మంచిదా? బంధువులేమో ‘ఇంత చదివించింది ఆయా పనికా’ అంటున్నారు.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, కోర్సుల సంగతి తర్వాత చూద్దాం. ‘ఆయా పని’ అన్నది బంధువులే అయినా, మీ మనసులోనూ అదే నలుగుతోందని ఉత్తరం చదివితే తెలుస్తోంది. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ చుక్కలేమిటో మీ అమ్మాయిని ఎప్పుడైనా కూర్చోబెట్టి అడిగారా? అడగకుండానే హెచ్‌ఆర్ వైపు తోసేయడం న్యాయం కాదు.

అడిగి ఉంటే తను ఇలా చెప్పేది. ఒక బాబు తల కొట్టుకుంటాడు. ఎవరైనా పలకరిస్తారని కొట్టుకోవచ్చు. చెప్పిన పని తప్పించుకోవడానికి కావచ్చు. ఎవరూ లేకపోయినా కొట్టుకోవచ్చు. పైకి అన్నీ ఒకటే, పరిష్కారం మాత్రం వేరు. పని తప్పించుకోవాలనుకునే బాబుని శిక్షగా మూలన కూర్చోబెడితే వాడు కోరుకున్నదే మనం ఇచ్చినట్టు. రేపు ఇంకా గట్టిగా కొట్టుకుంటాడు.

దీన్ని ఊహకు వదిలేయకుండా పరీక్షించి తేల్చే పద్ధతిని 1982లో అమెరికాలో బ్రయాన్ ఇవాటా బృందం ప్రచురించింది. అదే ఫంక్షనల్ అనాలిసిస్. పావుగంట చొప్పున పరిస్థితి మారుస్తారు. ఒకసారి కొట్టుకోగానే పలకరిస్తారు. ఇంకోసారి పని చెప్పి, కొట్టుకోగానే ఆపేస్తారు. ఒకసారి ఒంటరిగా ఉంచి బయటి నుంచి గమనిస్తారు, మరోసారి హాయిగా ఆడుకోనిస్తారు. ప్రతిసారీ ఎంతగా కొట్టుకున్నాడో లెక్కపెట్టి గ్రాఫులో ఒక చుక్క పెడతారు. చుక్కలు ఏ పరిస్థితిలో పైకి లేస్తాయో కారణం అక్కడుంది. ఆ తొలి అధ్యయనంలోనే ముందుగా వైద్య పరీక్ష చేశారు, గాయం ఎంతవరకు వస్తే సెషన్ ఆపేయాలో నియమం పెట్టుకున్నారు.

ఇక్కడ పిల్లల్ని రెండు గుంపులు చేసి పోల్చరు. ఆ పిల్లాణ్ని వాడితోనే పోలుస్తారు. కొన్నాళ్లు ఏమీ మార్చకుండా లెక్కపెడతారు, ఒక్కటి మారుస్తారు, దాన్ని తీసేసి మళ్లీ చూస్తారు. పళ్లు తోముకోవడం లాంటిది నేర్చుకున్నాక వెనక్కి పోదు కదా. అందుకని ఒక పని ఇప్పుడు, ఇంకోటి కొన్నాళ్లు ఆగి నేర్పుతారు. నేర్పడం మొదలైన పనిలోనే మార్పు వస్తే, అది నేర్పినందువల్లే అని నమ్మొచ్చు. మీ అమ్మాయి రాత్రిపూట చేస్తున్నది ఈ పనే. ఈ చూపు అలవడిన పిల్లకు ఆసుపత్రిలోనూ స్కూల్లోనూ, ఈ ఊరి సాఫ్ట్‌వేర్ కంపెనీల్లోనూ చోటుంటుంది.

ఇక ఆ సంస్థకు డబ్బు కట్టకండి. బీసీబీఏ అనే ఆ ఏబీఏ సర్టిఫికెట్ ఇచ్చే అమెరికా బోర్డు 2023 జనవరి 1 నుంచి మన దేశంలో ఉండేవాళ్ల దరఖాస్తులు తీసుకోవడం లేదు. పైగా దానికి మాస్టర్స్ ఉండాలి. 40 గంటల కోర్సులు సెషన్ నడపడం నేర్పుతాయంతే. సొంతంగా ఫంక్షనల్ అనాలిసిస్ చేసే అర్హత వాటితో రాదు. సూపర్‌వైజర్ లేకుండా మీ అమ్మాయితో అది చేయిస్తుంటే ఆ సెంటర్ మానేయమనండి.

ఈ ఏబీఏ మోజు మీదే నాకు కొన్ని అనుమానాలున్నాయి. 1987లో లోవాస్ అనే అమెరికా సైకాలజిస్టు ఆటిజం ఉన్న పిల్లలకు వారానికి 40 గంటల థెరపీతో గొప్ప ఫలితాలు చూపించారు. కానీ ఏ పిల్లాడు ఏ గుంపులో ఉండాలో లాటరీ పద్ధతిలో తేల్చలేదు. శిక్షలు కూడా వాడారు. ఇప్పటికీ ఆ 40 గంటల పేరు చెప్పి భయపడిన తల్లిదండ్రులకు ప్యాకేజీలు అమ్మేవాళ్లున్నారు. చేతులు ఊపడం మాన్పించి, కళ్లలోకి చూడమని బలవంతపెట్టి తమను బాధపెట్టారని ఆటిజం ఉన్న పెద్దవాళ్లే చెబుతున్నారు. వాళ్ల మాట వినితీరాలి. ‘ఇది మాన్పిస్తే మేలు పిల్లాడికా, చూసేవాళ్లకా?’ అని మీ అమ్మాయి సెంటర్లో అడగగలగాలి. ఇంట్లో తెలుగు, బయట కన్నడ వినే పిల్లాడికి సెంటర్లో అన్నీ ఇంగ్లిష్‌లో చెప్పి, చెయ్యకపోతే మొండివాడని రాసుకోవడమూ అన్యాయమే. తెలుగు తెలిసిన మీ అమ్మాయి అక్కడ ఎంత అవసరమో ఆలోచించండి.

మీరడిగిన పోలిక: నా ఓటు మాస్టర్స్‌కే. అయితే పేరులో ‘క్లినికల్’ ఉన్న ప్రతి ఎమ్మెస్సీతోనూ క్లినికల్ సైకాలజిస్టు కాలేరు. దానికి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తించిన శిక్షణ, రిజిస్ట్రేషన్ కావాలి, చేరేముందే కనుక్కోండి. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం జాబితాలో బిహేవియరల్ అనలిస్టు పేరుంది, కాబట్టి ఈ వృత్తికి ఇక్కడ గుర్తింపు లేదని బెంగపడకండి.

పంటిగాట్లను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. గాయమైన ప్రతిసారీ సెంటర్ రికార్డులో రాయించాలి, చర్మం తెగితే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. వారంలో సూపర్‌వైజర్ ఎన్నిసార్లు పక్కన కూర్చుంటున్నారో మీ అమ్మాయిని అడిగి నాకు రాయండి. సెంటర్‌లో కొనసాగాలా వద్దా అన్నది దాన్నిబట్టి చెబుతాను.