చలిలో మిషన్ మొండికేస్తే

చిరంజీవి చిన్నాకి పెదనాన్న దీవించి రాసేది.

నువ్వు చెట్లు కోసే గొలుసు కటింగ్ మిషన్ కొన్నావనీ, డిసెంబరులో చింతపల్లి వైపు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ నీడ చెట్ల కోతకి ఒప్పుకున్నావనీ మీ అమ్మ చెప్పింది. మనింట్లో ఆ పని మళ్లీ ఎవరూ పట్టరనుకున్నాను, చాలా సంతోషమేసింది. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "అలాగే పెదనాన్నా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

పర్మిషన్ కాగితం కళ్లతో చూడందే చెట్టు ముట్టుకోకు. హెల్మెట్, కళ్లద్దాలు, బూట్లు లేకుండా తోటలో అడుగు పెట్టకు. గొలుసు పదును రోజూ చూసుకో. ఇవి నీకు తెలుసు.

తెలియనిది లంబసింగి చలి. నర్సీపట్నంలో ఒక్క లాగుకి అందుకున్న మిషన్ అక్కడ పొగమంచులో తెల్లారి ఆరింటికి కదలదు. మిషన్ చెడిపోయిందనుకుంటావు. చెడిపోదు. చలికి పెట్రోలు సరిగా ఆవిరి కాదు, ఆవిరి కాని పెట్రోలు అంటుకోదు. అందుకే చోక్ మూసి గాలి తగ్గించి పెట్రోలు ఎక్కువ పోనిస్తాం. పెట్రోలు ఎక్కించే పంపు బుడగ ఉంటే ముందు అయిదారుసార్లు నొక్కు. చోక్ పూర్తిగా వేసి తాడు లాగు. మూడో లాగుకో నాలుగో లాగుకో "బుడుక్" మని ఒక్క దగ్గు దగ్గుతుంది. ఆ దగ్గు కోసం చెవి పెట్టుకుని ఉండు. వినపడగానే చోక్ సగానికి తెచ్చి మళ్లీ లాగితే అందుకుంటుంది. అందుకోగానే ట్రిగ్గర్ ఒకసారి నొక్కి వదిలితే రేసు దిగుతుంది.

ఆ దగ్గు వినకుండా చోక్ మీదే లాగుతూ పోతే లోపల పెట్రోలు నిండిపోతుంది. నేను చేసింది అదే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నువ్వు ఆరో తరగతి. ఏజెన్సీలో కాఫీ మొక్కల మీద నీడ చెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి, మిరియాల తీగలతో సహా. డిసెంబరు దాకా మాకు చేతినిండా పని. ఒక పొద్దున, చెట్ల మీంచి మంచు చినుకుల్లా కారుతోంది, మిషన్ అందుకోవడం లేదు. రైతు వచ్చి నిలబడ్డాడు. కూలీలు చలిమంట దగ్గర కూర్చుని నన్నే చూస్తున్నారు. రోజు కూలి లెక్క నెత్తి మీద తిరుగుతోంది. ముప్పై లాగులు లాగాను. దగ్గు ఎప్పుడో వచ్చి ఉంటుంది, నేను వినలేదు. కోపం చెవులకి అడ్డం పడింది.

పెట్రోలు నిండిందని తెలిసి చోక్ తీసేసి, రేసు దిగకుండా పట్టి ఉంచే ట్రిగ్గర్ లాక్ మాత్రం వేసి ఉంచాను. అక్కడివరకూ సరే. కానీ మిషన్ నేల మీద పెట్టలేదు. ఎడమ చేత్తో గాల్లో వేలాడేసి, మిషన్‌ని కిందికి విసురుతూ కుడి చేత్తో తాడు పైకి లాగాను. గొలుసు తిరగకుండా ఆపే చైన్ బ్రేకు వేయలేదు. రెండో విసురుకి ఒక్కసారిగా అందుకుంది, ఫుల్ రేసులో గొలుసు తిరుగుతూ. మొద్దు కదలకుండా పట్టుకుందామని మీ నాన్న అప్పుడే నా ఎడమ పక్కకి వచ్చాడు.

నాన్న పిక్క మీద మచ్చ చూశావుగా. ఇనుప కంచె గీసుకుందని మీకు చెప్పాడు. అది కంచె కాదు, నా చెయ్యి. లుంగీ చింపి కట్టి, ఘాట్ దిగి ఆసుపత్రికి చేరేసరికి జీపు సీటంతా తడిసింది. పద్నాలుగు కుట్లు. దారిలో వాడు అన్న మాట ఒక్కటే, "అన్నా, ఇంట్లో చెప్పకు." ఇన్నేళ్లూ చెప్పలేదు. నువ్వు మిషన్ కొన్నావు గనక చెబుతున్నాను.

అందుకని మిషన్ ఎప్పుడూ నేల మీదే పెట్టు. ముందు హ్యాండిల్ దగ్గరి గార్డు ముందుకి నెట్టి బ్రేకు వెయ్యి. వెనక హ్యాండిల్‌లో కుడి బూటు ముక్కు దూర్చి తొక్కి, ముందు హ్యాండిల్ ఎడమ చేత్తో అదిమి, అప్పుడు తాడు లాగు. గొలుసుకి ఏదీ తగలకూడదు, నీ చుట్టుపక్కల ఎవడూ ఉండకూడదు. ఎవడైనా దగ్గరికొస్తే తిట్టు, పెద్దవాడైనా సరే.

ఆరేడు లాగులకి అందుకోకపోతే ఆగిపో. స్విచ్ ఆపి ప్లగ్గు విప్పు. తడిగా ఉంటే పెట్రోలు నిండిందన్నమాట. గుడ్డతో తుడిచి, చోక్ తెరిచి, ప్లగ్గు లేకుండానే అయిదారుసార్లు లాగితే లోపలిది బయటికి చిమ్ముతుంది. మొహం అడ్డం పెట్టకు. చలిమంటకి దూరంగా చెయ్యి. మిషన్‌ని వెచ్చబెట్టడానికి మంట దగ్గర పెట్టేవాళ్లని చూశాను, నువ్వు ఆ పని చేశావంటే నేనే వచ్చి చెంప పగలగొడతాను. వెచ్చగా కావాలంటే రాత్రి గోనెసంచి చుట్టి వసారాలో ఉంచు.

ప్లగ్గు ఎండిపోయి ఉంటే పెట్రోలే రావడం లేదు. టాంకులో ఫిల్టరు, పైపు చూడు. పాత మిషన్లలో కార్బొరేటర్ లోపలి పల్చటి పొర గట్టిపడుతుంది. వేడెక్కాక బాగానే తిరిగి, చల్లారాక మొరాయిస్తుంటే నాకు ముందు దాని మీదే అనుమానం. మార్చడం మెకానిక్ చేత చేయించు. ఆయిల్ కలిపి నెల దాటిన పెట్రోలు పోయకు. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ తేమ పీల్చుకుంటుంది, ఆ కొండల మీద తేమకి కొదవా! లీటరుకి 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ మామూలు లెక్క, నీ మిషన్ పుస్తకం వేరేలా చెబితే దాని ప్రకారమే పొయ్యి.

బస్సులో సంచి పంపుతున్నాను. నా ప్లగ్గు పానా, రెండు కొత్త ప్లగ్గులు, ఉన్ని మఫ్లరు ఉన్నాయి. మఫ్లరు పని దగ్గర మెడకి చుట్టుకోకు, రాత్రికి వాడుకో. మొదటి రోజు పొద్దున మిషన్ పట్టేముందు ఫోన్ చెయ్యి. తాడు లాగేటప్పుడు కట్ చేయకుండా పక్కన పెట్టు. ఆ దగ్గు నాకూ వినిపిస్తుంది.

మీ పెదనాన్న