నోషన్ బదులు సొంత సర్వర్‌లో ఏది పెట్టుకోవాలి? మా చెరువుల దగ్గర తేలింది ఇదీ

నోషన్ అనే ఆన్‌లైన్ నోట్సు యాప్‌లో ఉన్న నోట్సంతా సొంత సర్వర్‌కు మార్చాలి, ఐదుగురం వాడతాం, ఏది నయం అని అడిగారు కదండీ. మాది ఆకివీడు దగ్గర. వెనామీ రొయ్యల చెరువుల రికార్డు రాయడానికి నలుగురం ఉన్నాం.

మీవాళ్లు ఎక్కడ నిలబడి రాస్తారో ముందు చూసుకోండి. మా కుర్రాడు తెల్లవారుజామున మూడింటికి గట్టు మీద ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని "మూడో చెరువు, డీఓ 3.2, ఏరియేటర్లన్నీ వేశాం" అని కొడతాడు. డీఓ అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, అది తగ్గితే ఏరియేటర్లతో గాలి కొట్టించాలి. అక్కడ సిగ్నల్ ఒక గీత ఉంటే గొప్ప. పేజీ తెరుచుకోకపోతే ఫోను జేబులో పడేసి, పొద్దున గుర్తున్నంత చెబుతాడు.

అందుకే జాప్లిన్ అనే నోట్సు యాప్‌కు వచ్చాం. నోట్సు ఫోనులోనే ఉంటాయి, నెట్ తగిలినప్పుడు మన సర్వర్‌తో సింక్ అవుతాయి. ఇద్దరు ఒకే నోటును మారిస్తే ఒకరిది కాన్‌ఫ్లిక్ట్స్ అనే నోట్‌బుక్‌లోకి పోతుంది. అందుకని మేం చెరువుకొకటి చొప్పున రోజూ కొత్త నోటు తెరుస్తాం. నోషన్‌లో ఉండే టేబుళ్లు, ఫిల్టర్లు ఇందులో లేవు. మేత లెక్కలు, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో) మళ్లీ ఎక్సెల్‌కే వెళ్లాయి. నాకిప్పటికీ అదే వెలితి.

జనరేటర్ సర్వీసు, పట్టుబడి రోజు పనులు లాంటివి సర్వర్‌లోనే నడిచే బుక్‌స్టాక్ అనే వికీలో పెట్టాం. పుస్తకం, అధ్యాయం, పేజీ అన్న వరస కాబట్టి మా గుమస్తా గారికి నేర్పాల్సిన పనే పడలేదు. నెట్ లేకపోతే మాత్రం తెరుచుకోదు.

ఇలాంటివే ఇంకొన్ని చూశాను. చూడ్డానికి అవుట్‌లైన్ అన్నిటికంటే బాగుంది కానీ ముందు గూగుల్, స్లాక్ లాంటి బయటి లాగిన్ ఏదో ఒకటి కట్టాలి. అక్కడే విసుగొచ్చి వదిలేశా. టేబుళ్లు, బోర్డులు, క్యాలెండర్ లేకుండా పని నడవదంటే ఆప్‌ఫ్లోయీ చూడండి, నోషన్‌కు దగ్గరగా ఉంటుంది. దానికి సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్, రెడిస్, మినియో అనే వేరే ప్రోగ్రాములన్నీ నడపాలి, నలుగురి కోసం అంత బరువు నేను మోయలేకపోయాను. అఫైన్ (AFFiNE) అనే దాంట్లో వైట్‌బోర్డు ఉంది, మాకు దాంతో పనిలేదు.

ఇంకోటి. మొదట్లో ఇదంతా ఒక చిన్న బోర్డు కంప్యూటర్లో, మెమరీ కార్డు మీద నడిపాను. ఒక రాత్రి కరెంటు నాలుగైదుసార్లు పోయి వచ్చింది, కార్డు చచ్చిపోయింది. బుక్‌స్టాక్ బ్యాకప్ కూడా ఆ కార్డులోనే పెట్టుకున్న తెలివి నాది! పేజీలన్నీ మళ్లీ కొట్టుకున్నాం. జాప్లిన్ నోట్సు ఫోన్లలో ఉన్నాయి కాబట్టి కొత్త సర్వర్‌కు అక్కణ్నుంచే ఎక్కించాం.

ఇప్పుడు పాత ల్యాప్‌టాప్ మీద నడుస్తోంది. దాని బ్యాటరీ అరగంట ఆగుతుంది, జనరేటర్ వేసేదాకా అది చాలు. రోజూ రాత్రి డేటాబేస్‌తో పాటు బొమ్మల ఫోల్డరు, సెట్టింగుల ఫైలు కూడా వేరే డిస్కుకు కాపీ అవుతాయి. డేటాబేస్ ఒక్కటే తీస్తే ఫొటోలు రావండి. బయటినుంచి చూడ్డానికి టెయిల్‌స్కేల్ పెట్టా, అది మన ఫోన్లనూ సర్వర్‌నూ ప్రైవేటుగా కలిపే నెట్‌వర్క్, రౌటర్‌లో పోర్టులు తెరిచే టెన్షన్ లేదు.

మీ ఐదుగురిలో ఫోను మీద రాసేవాళ్లెందరో చెప్పండి. అందరూ ఆఫీసులో కూర్చునే రాస్తే జాప్లిన్ జోలికి పోకుండా బుక్‌స్టాక్ ఒక్కటే పెట్టుకోమంటాను.