ఆ ఆరో ఎపిసోడ్ చూసిందెవరు?

సందేహం: ఫార్గో అనే అమెరికన్ క్రైమ్ సిరీస్ మొదలుపెట్టాను. ఏ సీజన్ కథ దానిదే అంటున్నారు. అయిదింటినీ ఏ వరుసలో చూడాలి? 1950 నాటి కథ నాలుగో సీజన్లో ఉందట, అక్కణ్ణించి రావాలా? ఇంకో చిక్కు. పోయిన వారం దర్శనానికి వెళ్లి తిరుపతి లాడ్జిలో మొదటి సీజన్ రెండు ఎపిసోడ్లు చూశాను. ఇంటికొచ్చి తెరిస్తే నాలుగో సీజన్ ఆరో ఎపిసోడ్ సగంలోంచి మొదలవుతోంది. వరుసను యాప్ మారుస్తోందా?
- ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: యాప్ ఏమీ మార్చలేదు. మీరు ఖాళీ చేసిన గదిలో ఇప్పుడు ఇంకెవరో మీ ఖాతాలో హాయిగా చూస్తున్నారు. వరుస సంగతి తర్వాత, ముందు ఇది తేల్చుకోండి.

‘మా హోం పేజీ నిండా తమిళ సీరియళ్లేంటి?’, ‘పిల్లల ప్రొఫైల్లోకి దయ్యాల సినిమాలెలా వచ్చాయి?’ అని అడిగేవాళ్లదీ ఇదే జబ్బు. టీవీ కట్టేస్తే లాగౌట్ అయినట్టు కాదు. టీవీ మీది క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే పది సెకన్లలో లాగిన్ అయిపోతుంది. పాస్‌వర్డ్ కొట్టలేదు కాబట్టి, లాగిన్ అయ్యామన్న సంగతే గుర్తుండదు. బయటికి రావాలంటే మాత్రం సెట్టింగ్స్‌లో నాలుగు మెనూలు దిగాలి. లోపలికి పిలిచే తలుపు అంత వెడల్పుగా పెట్టి, బయటికి పోయే దారిని అటకెక్కించిన డిజైన్ ఇది.

ఫోన్లో ఆ యాప్ ఖాతా పేజీకి వెళ్లి, డివైజ్‌ల జాబితాలో ఆ టీవీని తీసేయండి. అది కనబడకపోతే ‘అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్’ నొక్కండి. తర్వాత పాస్‌వర్డ్ మార్చండి. పాస్‌వర్డ్ ఒక్కటే మారిస్తే కొన్ని యాప్‌లలో పాత టీవీ లాగిన్ అలాగే ఉండిపోతుంది.

నన్ను ఎక్కువ భయపెట్టేది ఇది కాదు. యాప్ తెరవడానికి ముందు కొందరు ఆ టీవీలోనే గూగుల్ ఖాతా కలిపేస్తారు. అప్పుడు మీరు యూట్యూబ్‌లో ఏం చూశారో, ఏం వెతికారో వచ్చేపోయేవాళ్లందరికీ కనిపిస్తుంది. ప్లే స్టోర్‌లో కార్డు దాచుకుని, కొనేముందు పాస్‌వర్డ్ అడగనక్కర్లేదని పెట్టుకుని ఉంటే ఖర్చు కూడా మీదే. ఫోన్లో గూగుల్ ఖాతా, సెక్యూరిటీ, ‘యువర్ డివైజెస్’ తెరిచి ఆ టీవీని ఈరోజే సైన్ అవుట్ చేయండి.

హోటళ్ల కోసమే చేసే టీవీలు వేరే ఉన్నాయి. గది ఖాళీ చేయగానే లాగిన్లు చెరిపేసే ఏర్పాటు వాటిలో చాలావాటికి ఉంటుంది. రోజుకొక కుటుంబం దిగే గదిలో ఇంట్లో వాడే టీవీ తగిలించి, ‘స్మార్ట్ టీవీ కలదు’ అని బోర్డు రాయించడం ఏం మర్యాద? దుప్పటి మార్చే మనిషి చేతే రిమోట్‌తో, లాగిన్లన్నీ చెరిపేసే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టించవచ్చు, కొన్ని నిమిషాల పని.

ఇక వరుస. విడుదలైన క్రమంలోనే చూడండి: 2014, 2015, 2017, 2020, 2023. కథాకాలం ప్రకారం 1950, 1979, 2006, 2010, 2019 అని సర్దితే 4, 2, 1, 3, 5 అవుతుంది. లెక్క చక్కగా ఉంటుంది గానీ రుచి పోతుంది. మొదటి సీజన్లో చిన్న హోటల్ నడుపుకునే రిటైర్డ్ పోలీసు, 1979లో సూ ఫాల్స్ అనే ఊళ్లో జరిగినదాన్ని సగం చెప్పి వదిలేస్తాడు. ఆ ఊరింపు రెండో సీజన్లో తీరాలి. ముందే తెలిస్తే అతని మౌనానికి బరువుండదు. అయిదోది విడిగా చూసినా నష్టం లేదు. ‘ఇది నిజంగా జరిగిన కథ’ అని మొదట్లో పడే అక్షరాలను నమ్మి నెట్‌లో వెతికారో, ముగింపు ముందే తెలిసిపోతుంది. అదంతా కల్పనే.

ఆ అతిథి చూసిన ఎపిసోడ్లను వాచ్ హిస్టరీలోంచి తీసేయండి, లేకపోతే ‘కంటిన్యూ’ మళ్లీ అక్కడికే లాక్కెళ్తుంది. ఆటోప్లే కూడా ఆపండి. నాలుగో సీజన్ ఆఖరి ఎపిసోడ్లో పేర్లు పడడం మొదలైన తర్వాత ఒక చిన్న దృశ్యం ఉంది, ఆటోప్లే దాన్ని మింగేస్తుంది. అందులో కనబడే మనిషి ఎవరో రెండో సీజన్ చూసినవాళ్లకే తెలుస్తుంది. మీ గదిలో ఉన్నాయనకు తెలియదు.