పెన్షన్ కోసం ప్రభుత్వ ఉద్యోగులు సమ్మె చేయడం న్యాయమేనా?

ప్రశ్న అడిగినవారి మాటలు ఇవి: "బయట ఇంజినీరింగ్ చదివినవాళ్ళు పదిహేను వేలకు పనిచేస్తున్నారు, వాళ్ళకి పెన్షన్ లేదు. గవర్నమెంటు ఉద్యోగులు మంచి జీతాలు తీసుకుంటూ మళ్ళీ పాత పెన్షన్ కావాలని రోడ్డెక్కడం, సమ్మె చేస్తామని బెదిరించడం న్యాయమేనా?"

న్యాయమే. నేను ప్రకాశం జిల్లాలో స్కూల్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. డీఎస్సీ (టీచర్ల ఎంపిక పరీక్ష)-2008 బ్యాచ్, అంటే సీపీఎస్ ఉద్యోగిని. పాత పెన్షన్ తీసేసి, జీతంలో కోసిన డబ్బుతో నడిపే పథకమే సీపీఎస్. మండలంలో సంఘం పనులు కూడా చూస్తుంటాను కాబట్టి నేను చెప్పేది ఒక పక్షం మాటే. కానీ ఆ పక్షంలో బతుకుతూ చెబుతున్న మాట.

మా స్టాఫ్ రూములో ఒకే టేబుల్ దగ్గర రెండు రకాల మనుషులు కూర్చుంటారు. సీపీఎస్ అమల్లోకి వచ్చిన 2004 సెప్టెంబరు 1కి ముందు చేరినవాళ్ళు, తర్వాత చేరినవాళ్ళు. చదివింది అదే బీఈడీ, చెప్పేది అవే పాఠాలు, సంతకం పెట్టేది అదే రిజిస్టరులో. ముందు చేరినవాళ్ళు పూర్తి సర్వీసుతో రిటైరైతే చివరి బేసిక్‌లో సగం పెన్షనుగా వస్తుంది, ధరలు పెరిగినప్పుడల్లా డీఆర్ (పెన్షనర్లకిచ్చే కరువు భృతి) కలుస్తుంది, మనిషి పోతే భార్యకో భర్తకో ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. మాకైతే ప్రతి నెలా బేసిక్, డీఏ కలిపిన మొత్తంలో పది శాతం కోసేస్తారు. ప్రభుత్వం తన వాటా కలుపుతుంది. ఆ డబ్బు మార్కెట్లోకి వెళుతుంది. రిటైరయ్యే రోజున అక్కడ ఎంత ఉంటే అంత. అందులో కనీసం నలభై శాతంతో యాన్యుటీ (బీమా కంపెనీకి ఒకేసారి డబ్బు కట్టి నెలనెలా తీసుకునే ఏర్పాటు) కొనాలి, దాని మీద వచ్చేదే మా నెలవారీ పెన్షన్. అది ఎంతొస్తుందని ఈరోజు మీరు అడిగితే నేను చెప్పలేను, నాకు జీతం ఇచ్చే డీడీఓ చెప్పలేడు, ఆ పథకం తెచ్చినవాళ్ళూ చెప్పలేరు. మా గొడవంతా ఇక్కడే ఉంది. ఇంత డబ్బు తక్కువైందన్న లెక్క కంటే, ముసలితనంలో ఏమొస్తుందో తెలియదన్న టెన్షన్ ఎక్కువ.

2022 ఆగస్టులో జరిగిన సంగతి చెబుతాను. సెప్టెంబరు 1న విజయవాడలో సీపీఎస్ రద్దు కోసం పెద్ద ఎత్తున కదలాలని పిలుపు వచ్చింది. ఆ తేదీని మేం ఏటా విద్రోహ దినంగానే పాటిస్తాం. అధికారంలోకి వచ్చిన వారంలోనే సీపీఎస్ రద్దు చేస్తామని 2019 ఎన్నికలకు ముందు జగన్ చెప్పిన మాటకి అప్పటికి మూడేళ్ళు దాటింది. రద్దు సాధ్యం కాదు, గ్యారంటీ పెన్షన్ ఇస్తాం, చివరి బేసిక్‌లో 33 శాతం అన్నారు. ఎవరూ ఒప్పుకోలేదు.

వినాయక చవితి దగ్గర పడింది. బడిలో పిల్లలచేత మట్టి వినాయకులు చేయించి ఇంటికి వచ్చాను. గోళ్ళలో బంకమట్టి ఇంకా పోలేదు. గేటు దగ్గర బండి ఆగింది. స్టేషన్ నుంచి ఒక కానిస్టేబుల్, ముప్పై ఏళ్ళు దాటి ఉంటాయేమో, చేతిలో కాగితాలు. "మేడమ్, మీకు నోటీసు. ఒకటో తారీకు విజయవాడ వెళ్ళకూడదు, పర్మిషన్ లేదు. ఇక్కడ సంతకం పెట్టండి" అన్నాడు. పెడుతుంటే ఫోన్ తీసి, "ఫొటో కూడా తీయాలి మేడమ్, గ్రూపులో పెట్టమన్నారు" అని ఇబ్బందిగా చెప్పాడు. తీసుకోమన్నాను. ఆ పిల్లాడి తప్పేముంది?

మంచినీళ్ళిచ్చి కూర్చోమన్నాను. తాగి గ్లాసు కింద పెట్టి, ఒకసారి రోడ్డు వైపు చూసి, గొంతు తగ్గించి అన్నాడు: "మేడమ్, మాదీ సీపీఎస్సే. ప్రాన్‌లో ఎంతుందో ఎలా చూడాలి? నేనెప్పుడూ చూడలేదు."

ప్రాన్ అంటే మా పెన్షన్ ఖాతా నంబరు. అతని ఫోన్లోనే పాస్‌వర్డ్ మార్చి, ఓటీపీ కొట్టి, స్టేట్‌మెంటు తెరిచాం. ఒక్కో నెలా పైకి జరుపుతూ చూస్తుంటే మధ్యలో రెండు మూడు నెలలు అతని వాటా కనపడలేదు. "జీతంలో అయితే కట్ అయింది మేడమ్" అన్నాడు. పే స్లిప్పులు పట్టుకుని ఆఫీసులో అడగమన్నాను. తర్వాత మొత్తం చూసి, "ఇదంతా నాకిస్తారా?" అన్నాడు. అరవై శాతం దాకా చేతికిస్తారు, మిగతాదానితో యాన్యుటీ కొనాలి అన్నాను. యాన్యుటీ అంటే ఏమిటో అతనికి తెలియదు. చేరేటప్పుడు ఎవరూ చెప్పలేదట. నాకూ ఎవరూ చెప్పలేదు. ఫారం ఇచ్చి సంతకం పెట్టమన్నారు, పెట్టాం.

అతనిచ్చిన నోటీసు వెనక ఖాళీగా ఉంటే దాని మీదే లెక్క వేసి చూపించాను. రిటైరయ్యేనాటికి ఇంత అవుతుందనుకుందాం, అందులో నలభై శాతం ఇంత, దాని మీద ఏడాదికి ఆరు శాతం చొప్పున వస్తే ఇంత, పన్నెండుతో భాగిస్తే నెలకి ఇంత. వచ్చిన అంకె కింద రెండు గీతలు గీశాను. అతను కాగితం చేతిలోకి తీసుకుని నేను తప్పు లెక్క వేశానేమోనని తను మళ్ళీ ఫోన్లో గుణించుకున్నాడు. సరిపోయింది. "మా నాన్న హెడ్ కానిస్టేబులుగా రిటైరయ్యాడు మేడమ్. ఇప్పుడు ఇల్లు ఆయన పెన్షన్ మీదే గడుస్తోంది. నా జీతం ఈఎంఐలకే చాలడం లేదు" అన్నాడు. లేచి వెళుతూ మళ్ళీ డ్యూటీ గుర్తొచ్చినట్టు, "రేపు తహశీల్దారు ఆఫీసుకి రావాలి మేడమ్, బైండోవర్" అని చెప్పాడు.

వెళ్ళాను. నాటుసారా కేసుల్లో వాళ్ళని నిలబెట్టే వరండాలోనే మమ్మల్ని నిలబెట్టారు. ఇద్దరు సెకండరీ గ్రేడ్ టీచర్లు, ఒక పంచాయతీ సెక్రటరీ, నేను. నా దగ్గర పదో తరగతి చదివిన అబ్బాయి ఏదో సర్టిఫికెట్ కోసం వచ్చి నన్ను చూసి, నమస్కారం పెట్టాలో వద్దో తెలియక తల తిప్పుకున్నాడు. శాంతికి భంగం కలిగించనని బాండు రాసిచ్చాను. ఇరవై ఏళ్ళ తర్వాత తినే అన్నం గురించి అడిగినందుకు నా వల్ల శాంతికి భంగమట! ఆ మాట ఇప్పటికీ మింగుడు పడలేదు. ఆ కదలిక చివరికి వాయిదా పడింది.

అదే నెలలో మా సొంత ఫోన్లలో ముఖం చూపించి హాజరు వేసే యాప్ తెచ్చారు. అంతకుముందే మరుగుదొడ్ల ఫొటోలు తీసి అప్‌లోడ్ చేసే పని మా నెత్తిన పడింది. మధ్యాహ్న భోజనం లెక్కలు, గుడ్ల లెక్కలు, ఓటర్ల లిస్టులు సరేసరి. "టీచర్లకి పనేముంది, సెలవులే కదా" అనేవాళ్ళు ఒక్క వారం వచ్చి మా హెడ్మాస్టరు గదిలో కూర్చోవాలి. పక్కదారి పట్టానని తెలుసు, అయినా ఈ మాట ఎక్కడో ఒకచోట చెప్పాలి.

ఇక డబ్బు సంగతి. మా స్కూల్లో తెలుగు చెప్పిన ఒక మాస్టారు నలభై నాలుగేళ్ళ వయసులో ఉద్యోగంలోకి వచ్చారు. అంతకుముందు ఎన్ని డీఎస్సీలు రాశారో ఆయనకే తెలుసు. పదహారేళ్ళు పనిచేసి 2021లో రిటైరయ్యారు. ఆ పదహారేళ్ళలో ఆయన ఖాతాలో పోగైనది ఎంతని? చేతికొచ్చిన అరవై శాతం అమ్మాయి పెళ్ళి అప్పులకి సరిపోయింది. మిగిలినదాని మీద నెలకి నాలుగు వేల పైచిలుకు వస్తోంది. డీఆర్ లేదు, బియ్యం ధర పెరిగినా అంతే, బీపీ మాత్రల ధర పెరిగినా అంతే. పాత పద్ధతిలో అయితే ఆ కాస్త సర్వీసుకి కూడా అంతకి మూడు రెట్లకు తక్కువ కాకుండా వచ్చేది. మొన్న కనిపించినప్పుడు ట్యూషన్లు చెబుతున్నానమ్మా అన్నారు.

"ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు కదా" అంటారు. మరి ఒక్కసారి గెలిచిన ఎమ్మెల్యేకి, ఎంపీకి పెన్షన్ ఎక్కడి నుంచి వస్తోంది? మాకు మార్కెట్ మంచిదని చెప్పేవాళ్ళు తమ పెన్షన్ ఎందుకు మార్కెట్లో పెట్టుకోరు? ఈ ప్రశ్నకి జవాబిచ్చిన నాయకుడిని నేనింతవరకూ చూడలేదు. పెన్షన్ అంటే దయతో ఇచ్చే దానం కాదని సుప్రీంకోర్టు నకారా కేసులో 1982 డిసెంబరు 17న చెప్పింది. అందుకే ఆ తేదీని పెన్షనర్ల దినంగా జరుపుకుంటారు. చేసిన పనికి జీతంలో కొంత తర్వాత తీసుకోవడమే పెన్షన్. నా దృష్టిలో అది అప్పు. అప్పిచ్చినవాడు అడిగితే బెదిరింపు ఎలా అవుతుంది?

నాకు కోపం ప్రభుత్వాల మీద మాత్రమే కాదు, మా పెద్ద సంఘాల మీద కూడా ఉంది. 2004లో ఈ పథకం వచ్చినప్పుడు సర్వీసులో ఉన్న లక్షలమంది గట్టిగా నిలబడి ఉంటే కథ వేరేగా ఉండేది. వాళ్ళకి తగల్లేదు, రాబోయేవాళ్ళకి కదా అని ఊరుకున్నారు. ఇంకా ఉద్యోగంలోకి రానివాళ్ళు ఏ జెండా పట్టుకుని వస్తారు? మేము వచ్చి, జీతం బిల్లులో కోత చూసుకుని, అప్పుడు తెలుసుకున్నాం. ఇప్పుడు మా సంఖ్య బాగా పెరిగాక ప్రతి సంఘం బ్యానరు మీదా సీపీఎస్ రద్దు అని రాస్తున్నారు. సంతోషమే, కానీ ఆలస్యం.

సమ్మె చేయడం సరదా అనుకునేవాళ్ళు 2003లో తమిళనాడులో ఏం జరిగిందో తెలుసుకోవాలి. పెన్షన్ ప్రయోజనాల్లో కోతలకి వ్యతిరేకంగా అక్కడి ఉద్యోగులు, టీచర్లు సమ్మెకి దిగితే దాదాపు లక్షా డెబ్భై వేలమందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు. సుప్రీంకోర్టు చాలామందిని తిరిగి తీసుకునేలా చేసింది కానీ, ప్రభుత్వ ఉద్యోగులకి సమ్మె చేసే హక్కు లేదని కూడా అదే తీర్పులో అంది. కాబట్టి సమ్మె అంటే మాకు ఉద్యోగం పణంగా పెట్టడం. ఇంట్లో పిల్లల ఫీజులు, హోమ్‌లోన్ కళ్ళముందు కనిపిస్తూనే ఉంటాయి. వినతిపత్రాలు, నల్లబ్యాడ్జీలు, ధర్నాలు, కమిటీలతో చర్చలు అన్నీ అయ్యాకే ఎవరైనా అంతదూరం వెళ్ళేది. పిల్లల చదువు పోతుందంటారా? పోయిన రోజులకి ఆదివారాలు క్లాసులు చెప్పిన టీచర్లు నాకు తెలుసు.

గట్టిగా అడిగితేనే ఏదో ఒకటి కదిలింది కూడా. 33 శాతమన్న ఆ గ్యారంటీ పెన్షన్ 2023 సెప్టెంబరులో చట్టం దగ్గరికి వచ్చేసరికి యాభై శాతమైంది. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, పంజాబ్, హిమాచల్ ప్రదేశ్ పాత పెన్షనుకే మళ్ళుతున్నట్టు ప్రకటించాయి. పశ్చిమ బెంగాల్ అయితే అసలు కొత్త పథకంలో చేరనే లేదు. చివరికి కేంద్రం కూడా 2024 ఆగస్టులో తన ఉద్యోగులకి యూపీఎస్ (యూనిఫైడ్ పెన్షన్ స్కీమ్) ప్రకటించి, ఇరవై అయిదేళ్ళ సర్వీసుంటే చివరి పన్నెండు నెలల సగటు బేసిక్‌లో సగం ఇస్తామంది. 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మార్కెట్టే మంచిదైతే ఈ గ్యారంటీ మాట ఎందుకొచ్చింది? రోడ్డెక్కినవాళ్ళ వల్లే వచ్చిందని నా నమ్మకం. నాకు యూపీఎస్ కూడా చాలదు, అందులో కూడా జీతంలో కోత అలాగే ఉంది. అయినా ఇరవై ఏళ్ళ పాటు "కుదరదు" అన్నవాళ్ళు సగం దూరం వెనక్కి వచ్చారు.

ప్రైవేటు వాళ్ళ సంగతి అడిగారు. మా తమ్ముడు ప్రైవేటు కంపెనీలోనే చేస్తాడు, వాడి పీఎఫ్ పెన్షన్ ఎంతొస్తుందో లెక్క వేసింది నేనే. ఈపీఎస్ (పీఎఫ్ ఉన్న ఉద్యోగుల పెన్షన్ పథకం) కింద కనీస పెన్షన్ 2014లో నెలకి వెయ్యి రూపాయలన్నారు, ఇన్నేళ్ళయినా దాన్ని పెంచలేదు. వెయ్యి రూపాయలకి ఈ రోజుల్లో ఏమొస్తుంది? దానికోసం ముసలివాళ్ళు ఢిల్లీ వెళ్ళి ధర్నాలు చేస్తున్నారు. మీకు లేదు కాబట్టి మాకూ తీసేయాలనడం కంటే మీకూ కావాలని అడగండి. మీరు అడిగిన రోజున మా మండలం నుంచి నేను వస్తాను, బైండోవర్ చేసినా వస్తాను.

ఇంకొక్క మాట, ఇది చదివే ఉద్యోగులకి. డీఎస్సీ-2003 వాళ్ళ నోటిఫికేషన్ ఈ పథకం రాకముందే వచ్చింది. నియామకాలు ప్రభుత్వం వల్లే ఆలస్యమై 2005లో చేరితే వాళ్ళని సీపీఎస్‌లో పడేశారు. 2003 డిసెంబరు 22కి ముందు నోటిఫై చేసిన పోస్టుల్లో చేరినవాళ్ళకి పాత పెన్షన్ ఎంచుకునే అవకాశం ఇస్తూ కేంద్రం 2023 మార్చి 3న మెమో ఇచ్చింది. అది కేంద్ర ఉద్యోగులకే. మన రాష్ట్రంలో అదే న్యాయం అడుగుతూ వాళ్ళు ఇంకా తిరుగుతున్నారు. మా స్కూల్ కాంప్లెక్సులో ఆ బ్యాచ్ టీచరమ్మ ఒకావిడ రిటైర్మెంటు దగ్గర పడింది. మీ నోటిఫికేషన్ పేపర్ కటింగు, హాల్ టికెట్టు, సెలక్షన్ లిస్టు, అపాయింట్‌మెంట్ ఆర్డరు ఏవీ పారేయకండి, జిరాక్సులు తీయించి పెట్టుకోండి. ప్రాన్ స్టేట్‌మెంటు పే స్లిప్పులతో పోల్చి చూసుకోండి. నెలలు తప్పిపోయి ఉంటే రాతపూర్వకంగా అడిగి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.